పూలమ్మ అడిగిన గవాచి

పూలమ్మ పొయ్యిలు వేస్తుంది. ఎల్బీ నగర్ వెనక వీధుల్లో, కొత్తపేట సందుల్లో, నాదర్‌గుల్ దారిలో లేస్తున్న అపార్ట్‌మెంట్ల పక్కన కూలీలుండే రేకుల గదుల్లో, ఎక్కడ కట్టెల పొయ్యి కనిపించినా పిలవకుండానే లోపలికి పోయి చతికిలబడుతుంది. "గిదేం పొయ్యే, దీన్ని పొయ్యంటరా" అని మొదలుపెడుతుంది. ఆమె వేసేది ఇటుకా మట్టీ కలిపి కట్టే రెండు కళ్ళ పొయ్యి. వెనకనుంచి ఒక గొట్టం లేచి కప్పులోంచి బయటికి పోతుంది. కట్టెలు సగమే పడతాయి, పొగ ఇంట్లో నిలవదు.

ఆ పని నేర్పిన సంస్థ అమ్మాయి అలేఖ్య దాన్ని ప్రచారం అంటుంది. చూసినవాళ్ళు సేవ అంటారు. సేవా లేదు, గీవా లేదు. అది పగ. యాభై రెండేళ్ళ మనిషి, నాలుగు మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకునే మనిషి, నెత్తిన ఇనుప గొట్టాలు పెట్టుకుని ఎండలో తిరుగుతోందంటే పుణ్యం కోసమనుకున్నారా? ఆమెకి పుణ్యం అక్కర్లేదు. తమ్ముడు పోచయ్య తల వంచాలి, అంతే.

అవును, సొంత తమ్ముడి మీదే పగ. ఇబ్రహీంపట్నం అవతల ఊరి నుంచి వచ్చిన ముగ్గురు తోబుట్టువులు వాళ్ళు. పెద్దది పూలమ్మ, నడిమివాడు పోచయ్య, చిన్నది వాణి. అక్కాచెల్లెళ్ళు ఇటుకలు మోశారు. పోచయ్య ఆటో నడిపాడు, ఆ తర్వాత ప్లాట్ల బేరాల్లోకి దిగాడు, ఎల్బీ నగర్ వెనక ఒక జాగా సంపాదించి రెండు వరసల్లో పద్దెనిమిది గదులు కట్టి కిరాయికిచ్చాడు. ఇటుక గోడలు, పైన ఇనుప రేకులు, గదికొక తలుపు. కిటికీ మాత్రం ఒక్కదానికీ లేదు. కిటికీలు పెడితే గదుల మధ్య సందు వదలాలి, సందు వదిలితే గదులు తగ్గుతాయి. పోచయ్య తెలివి అలాంటిది.

భర్త పోయి ఒంటరిదైన వాణికి అందులో ఏడో గది ఇచ్చాడు. చెల్లెల్ని ఆదుకున్నానని పదిమందిలో చెప్పుకున్నాడు కూడా. వాణి చేతి జొన్నరొట్టె అంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు పడిచచ్చేవాళ్ళు. మధ్యాహ్నం మూడింటికి పొయ్యి ముందు కూర్చుంటే ఏడింటి దాకా లేచేది కాదు. చేసిన రొట్టెల్ని గుడ్డలో చుట్టుకుని మెట్రో స్టేషన్ కింద కూర్చుని అమ్మేది. అందులోంచి నాలుగు రొట్టెలు ముందే తీసి పక్కన పెట్టేది. అవి అన్న ఇంటికి. పోచయ్య ఎనిమిదేళ్ళు ఆ రొట్టెలు తిన్నాడు.

గ్యాసు లేదా అంటే, ఉంది. చిన్న సిలిండరు. అది చాయకీ, పాలు కాచుకోవడానికీ. గంటలకొద్దీ రొట్టెలు కాల్చాలంటే కట్టెలే దిక్కు. కూల్చిన ఇళ్ళ తలుపు చెక్కలు, స్లాబు పనిలో వాడి పారేసిన పలకలు ఊరికే దొరుకుతాయి. వాటికి రంగులుంటాయి, పాత ఇంజను నూనె పట్టి ఉంటుంది. అవి మండితే వచ్చే నల్లటి పొగ ఆ కిటికీ లేని గదిలో రేకుల కింద తిరిగి తిరిగి వాణి మీదికే దిగేది.

మొదట కళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత దగ్గు. తర్వాత రొట్టెల మూట మోసుకుని సందు చివరిదాకా నడిస్తే ఆయాసం. దవాఖానకి తీసుకుపోయింది పూలమ్మే. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తులు చూసి, "బీడీలు తాగుతావా అమ్మా?" అన్నాడు. వాణి సిగ్గుపడిపోయి అక్క వెనక్కి జరిగింది. "లోపల కట్టెల పొయ్యి ఉందా? కిటికీ ఉందా?" అని అడిగాడు. "పొయ్యి ఉన్నది. కిటికీ లేదు సార్" అంది పూలమ్మ. "మందులు రాస్తాను. కానీ పొగ బయటికి పోయే దారి లేకపోతే ఈ మందులు దండగ" అన్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ పోచయ్య దగ్గరికి వెళ్ళారు. పొయ్యి పైన రేకుకి జానెడు పొక్క పెట్టి గొట్టం వేసుకుంటామని వాణి అడిగింది. అడిగేటప్పుడు కూడా రొట్టెల మూట చేతిలోనే ఉంది.

"రేకు కోస్తే వానకు కారుతది. ఒక్కదానికి పెట్టనిస్తే పద్దెనిమిది మంది అడుగుతరు" అన్నాడు పోచయ్య. "అమ్మ జన్మంత కట్టెల మీదనే వండె. ఆమెకేమైంది?"

"అమ్మ పొయ్యి మీద గవాచి ఉండె తమ్మీ" అంది పూలమ్మ. ఊళ్ళో పాత ఇంట్లో పొయ్యికి సరిగ్గా పైన, కప్పులో చిన్న కంత ఉండేది. పొగ అందులోంచి పోయేది, పొద్దున వెలుగు అందులోంచే దిగేది. గవాచి లేని వంటిల్లు ఆ ఊళ్ళో ఏ బీదవాడికీ లేదు.

"వానకాలం అయినంక మాట్లాడుదాం" అన్నాడు పోచయ్య, రొట్టెలందుకుంటూ.

వానాకాలం అయింది. చలికాలం వచ్చింది. వాణి మళ్ళీ అడిగింది, ఎండాకాలం చూద్దామన్నాడు. ఎండాకాలం చివర, మిరుగం కార్తె ఇంకా నాలుగు రోజులుందనగా, వాణి పీట మీద కూర్చున్నదల్లా పిండి చేతులతోనే పక్కకి ఒరిగింది. నలభై రెండేళ్ళు. దినాలనాడు పోచయ్య అందరికన్నా పెద్దగా ఏడ్చాడు. పూలమ్మ ఏడవలేదు. తమ్ముడి ఏడుపు చూస్తూ కూర్చుంది, పళ్ళు బిగబట్టి. "ఏడువు, ఇంకా ఏడువు. నీ ఏడుపు నాకు చాలలేదు" అనుకుంది లోపల.

ఇంకో మాట ఉంది. పూలమ్మ ఎవరికీ చెప్పనిది. వాళ్ళింట్లో చెల్లెలు కొత్తింట్లోకి దిగితే పొయ్యి వేసి ఇవ్వాల్సింది పెద్దక్కే. ఏడో గదిలో ఆ పొయ్యి వేసింది పూలమ్మ చేతులే. "అక్కా, తలుపుకాడ వెయ్యరాదే, జర గాలొస్తది" అంది వాణి. "తలుపు వాయవ్యం మూలకున్నది. ఆ మూల పొయ్యి పెట్టుకుంటరా ఎవలన్నా? ఆగ్నేయం మూలకే ఉండాలె" అని గద్దించి, గాలి చొరబడని మూలలో మట్టి మెత్తి, పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చింది. మంచి కోరే చేసింది. ఆ మంచే చెల్లెల్ని తినేసిందని తలుచుకున్నప్పుడల్లా తమ్ముడి మీద కోపం ఇంకో రెండింతలు చేసుకునేది.

దినాలైన నెలకి కొత్తపేట రైతుబజారు దగ్గర అలేఖ్య పెట్టిన శిక్షణలో పూలమ్మ ముందు వరసలో కూర్చుంది. అలేఖ్య వాళ్ళది గుంటూరు వైపు, చదువుకున్న పిల్ల, మాట మెత్తన. "కోప్పడకూడదండీ అమ్మగారూ, ఓపిగ్గా వివరించాలి. అవగాహన వస్తే వాళ్ళే మారతారు" అనేది. పూలమ్మ తలూపేది. పని మాత్రం తన పద్ధతిలోనే చేసేది. పొయ్యి వేసుకోనంటున్న మొగుళ్ళని పట్టుకుని పెళ్ళాం చేసే వంట అయ్యేదాకా పొయ్యి పక్కన కూర్చోబెట్టేది. లేవబోతే భుజం నొక్కి, "కూసో నాయనా, అన్నం గింజ గూడ ఉడుకలేదు" అనేది. పావుగంటకి వాడు కళ్ళు నలుపుకుంటూ గొట్టం ఎప్పుడు తెస్తావని అడిగేవాడు. ఏడాదిలో ఆ చుట్టుపక్కల నూట ఇరవై పొయ్యిలు మార్చింది. పోచయ్య గదుల్లో మాత్రం ఒక్కటి కూడా పడలేదు.

ఒక్కసారి పడింది, అదీ చెప్పాలి. మూడో గదిలో ఉండే ధర్మేందర్ ధైర్యం చేసి రేకు కోయించుకున్నాడు. వారం తిరక్కుండా పోచయ్య వచ్చాడు, గొట్టం పీకి సందులో పారేశాడు, కంతకి తారు పూశాడు, ధర్మేందర్ సామాను బయట పెట్టించాడు. ముగ్గురు పిల్లలతో వాళ్ళు ఎటు పోయారో కూడా తెలీదు. ఆ తర్వాత ఆ సందులో పూలమ్మ కనిపిస్తే ఆడవాళ్ళు తలుపులు దగ్గరికేసుకునేవాళ్ళు. పోచయ్య మీసం కింద నవ్వుకున్నాడు. ఆ నవ్వు పూలమ్మ గుండెలో ముల్లయి కూర్చుంది.

అలాంటి రోజుల్లో ఏడో గదిలోకి కొత్తగా ఒక జంట దిగింది. మగడు సతీష్ రేకులు కోసి బిగించే పనివాడు. ఊరందరి కప్పులూ వేస్తాడు, తన నెత్తిమీది రేకు కోసుకునే దిక్కు లేదు. పెళ్ళాం శ్రీకళకి ఐదో నెల. ఒకరోజు సందు మొదట్లో పూలమ్మ ఆ పిల్ల దగ్గు విన్నది. చెవి పెట్టి మళ్ళీ విన్నది. పొడిదగ్గు, చివర్లో చిన్న ఈల. వాణి దగ్గు మొదలైంది ఇలాగే. అదే గది, అదే మూల, తను వేసిన అదే పొయ్యి.

"దూరం జరిగి వండుకో బిడ్డా" అంది.

"ఏడికి జరగాలె పెద్దమ్మా? జరిగితే గోడ తగులుతది" అంది శ్రీకళ.

ఆ రాత్రంతా పూలమ్మకి కంటి మీద కునుకు లేదు. ఆ పిల్ల కాన్పు నాటికైనా ఆ గదికి గవాచి పడాలి. ఎట్ల? పోచయ్య మెడ ఎక్కడ దొరుకుతుంది?

ఆ మెడని పోచయ్యే తెచ్చి చేతికిచ్చాడు. వాణి పోయి ఏడాది తిరిగిన నెలలోనే పెళ్ళాం విజయశ్రీతో కలిసి కుంకుమ భరిణ పట్టుకుని వచ్చాడు. నాదర్‌గుల్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టాడు, గృహప్రవేశం. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. ఉన్న ఇద్దరిలో ఒకతె పోయింది. ఇక మిగిలింది పూలమ్మే.

"పాతయి మనసుల పెట్టుకోకక్కా. నువ్వు లేంది పాలు పొంగయి" అన్నాడు పోచయ్య.

పూలమ్మ నుదుటిన బొట్టు పెట్టించుకుంది. "వస్త తమ్మీ. రాకుంట ఎట్లుంట" అంది. ఆ నవ్వు చూసి పోచయ్య అక్క మెత్తబడిందనుకున్నాడు. నలభై తొమ్మిదేళ్ళు కలిసి పెరిగినా తోడబుట్టినదాని నవ్వు పోల్చుకోలేకపోయాడు వెధవ.

వాళ్ళటు వెళ్ళగానే పూలమ్మ సతీష్‌ని పిలిచింది. "గురువారం పొద్దున ఎనిమిదింటికి మిషన్ పట్టుకుని ఏడో గది మీదికెక్కి కూసో. ఓనర్ నోటి మాట వినేదాక రేకు ముట్టకు. నోటి మాట నేనినిపిస్త" అంది. పద్దెనిమిది గొట్టాలు తెప్పించి సందు మొదట్లో పెట్టించమని అలేఖ్యకి చెప్పింది. "ఆయనకి అవగాహన వచ్చిందా అమ్మగారూ?" అంది అలేఖ్య సంతోషంగా. "వస్తది బిడ్డా. గురువారం ఎనిమిదిన్నరకు వస్తది" అంది పూలమ్మ.

గురువారం కొత్తింట్లో సగం ఎల్బీ నగర్ ఉంది. బంధువులు, ప్లాట్ల బేరగాళ్ళు, వియ్యమందబోయే చంపాపేట వాళ్ళు. పోచయ్య కూతురు తేజస్విని సంబంధం వాళ్ళతో ఖాయమయ్యేలా ఉంది. విజయశ్రీ ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. నల్లరాయి గట్టు, అద్దం పొయ్యి. పొయ్యి మీద వేలాడుతూ తళతళలాడే పెద్ద డబ్బా, దాని వెనక మూరెడు లావు గొట్టం గోడలోంచి బయటికి.

"చిమ్నీ వదినా. మీట నొక్కితే పోపు వాసన గూడ గుంజుకపోతది. ఆయననే దగ్గరుండి పెట్టిచ్చిండు. నాకు పొగ పడదని" అంది విజయశ్రీ. ఆమె తప్పేం లేదు, ఉన్నమాట చెప్పింది.

పూలమ్మ ఆ గొట్టాన్ని కింది నుంచి పైదాకా చూసింది. గోడకి పెట్టిన కంతని చూసింది. గుండ్రంగా, అంచులకి స్టీలు కట్టుతో, ఎంత ముద్దుగా ఉందో! వాణికి జానెడు అడిగితే రేకు కారుతుందన్నాడు. ఒళ్ళు భగ్గున మండింది. అప్పటిదాకా మూల ఎక్కడో కాస్త తమ్ముడనే జాలి ఉండేదేమో, ఆ చిమ్నీ దాన్నీ పీల్చేసింది.

సాంబమూర్తి పంతులు మంత్రాలు ముగించి, "అమ్మా, పాలు పెట్టండి. ముహూర్తం ఇంకో పన్నెండు నిమిషాలే" అన్నాడు. పూలమ్మ పాలగిన్నె అందుకుని గట్టు ముందు నిలబడింది. పెట్టలేదు.

"అక్కా, పెట్టరాదు" అన్నాడు పోచయ్య.

"పెడత తమ్మీ. నువ్వు నీ ఇంట్ల పొగ పోనీకి గంత పొక్క పెట్టుకున్నవ్ గద. నీ పద్దెనిమిది అర్రలకు జానెడు జానెడు పెట్టుమని చెప్పు. పెడత."

పోచయ్య మొహం ఎర్రబడింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "పదిమందిల ఇజ్జత్ తియ్యకు. రేపు మాట్లాడుకుందాం" అన్నాడు.

"వాణితోని గూడ గట్లనే అంటివి. వానకాలం అయినంక అంటివి, ఎండకాలం అంటివి. కాలాలన్ని అయిపోయినయ్. అది లేదు" అంది పూలమ్మ. గొంతు తగ్గించలేదు. "ఎనిమిదేండ్లు దాని చేతి రొట్టెలు తిన్నవ్ గద తమ్మీ. ఒక్కనాడన్న పొగ వాసన రాలేదా?"

చంపాపేట పెద్దావిడ విజయశ్రీ వైపు చూసింది. "తొమ్మిది నిమిషాలు నాయనా" అన్నాడు పంతులు, ఎటూ చూడకుండా.

పూలమ్మ ఒక చేత్తో గిన్నె పట్టుకుని ఇంకో చేత్తో రొంటిన ఉన్న ఫోను తీసింది. సతీష్‌కి కలిపి స్పీకరు పెట్టి తమ్ముడి నోటి ముందు పట్టుకుంది. "సతీష్ ఏడో అర్ర మీద కూసున్నడు. నీ నోటితోని చెప్పు. కొయ్యమను."

"అక్కా..."

"నన్ను అక్కా అని పిలువకు. గా మాటకు పొంగేటి పాలు కావియ్యి."

పోచయ్య చుట్టూ చూశాడు. ఎవరైనా అడ్డం వస్తారేమోనని చూశాడు. ఎవరూ రాలేదు. ఆడబిడ్డ పాలగిన్నె కింద పెట్టి వెళ్ళిపోతే ఆ ఇంటికి ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. పోచయ్యకి మరీ బాగా తెలుసు, వాస్తు మనిషిని మూడుసార్లు మార్చినవాడు. చెమట తుడుచుకున్నాడు.

"కొయ్యి" అన్నాడు.

"ఇనవస్తలేదు సార్" అంది ఫోనులో సతీష్ గొంతు.

"కొయ్యిరా. అన్నిటికి కొయ్యి" అన్నాడు పోచయ్య. ఆ మాట బయట టెంటు కింద కూర్చున్నవాళ్ళకి కూడా వినిపించింది.

కోత మిషను మొదలైంది. ఇనుము కోస్తున్న రొద ఆ నల్లరాయి వంటింట్లో ఫోనులోంచి గిర్రుమని మోగింది. పూలమ్మ రేకుముక్క కింద పడిన చప్పుడు వినేదాకా ఆగింది. అప్పుడు గిన్నె పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగాయి, నాలుగు వైపులా పొంగాయి, విజయశ్రీ కళ్ళొత్తుకుంది. పూలమ్మ తమ్ముడి చెవి దగ్గరికి వంగింది.

"మల్ల తారు పూసినవనుకో, తేజస్విని పెండ్లికి మేనత్త లాంఛనాలన్ని నేనే చెయ్యాలె. యాదికుంచుకో."

పెట్టిన పట్టుచీర పళ్ళెంలోనే వదిలేసింది. భోజనం ముట్టలేదు. రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కింది.

ఎల్బీ నగర్ సందులో అప్పటికి ఆరు గదులైపోయాయి. తలుపులేసుకున్న ఆడవాళ్ళే గొట్టాలు అందిస్తున్నారు. అలేఖ్య కాగితం మీద ఏదో రాసుకుంటూ, "చూశారా అమ్మగారూ, ఓపిగ్గా చెబితే..." అని ఏదో అనబోయింది. పూలమ్మ ఆమెని దాటుకుని ఏడో గదిలోకి పోయింది.

ఆగ్నేయం మూలలో, నల్లబడ్డ పొయ్యి మీద, పైనుంచి పళ్ళెమంత ఎండ పడుతోంది. ఎనిమిదేళ్ళు వాణి ఆ మూలలో చూడని ఎండ. పూలమ్మ కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత శ్రీకళని బయట కూర్చోమని చెప్పి, మూలనున్న గడ్డపార తీసుకుంది.

"తమ్ముని లెక్క అయింది. ఇగ నాది" అంది.

మొదటి పోటుకే పొయ్యి విరగలేదు. గట్టిగా వేసిన పొయ్యి అది. రెండోసారి, మూడోసారి పొడిచింది. పై పొర పెచ్చులుగా లేచింది. శుక్రవారం శుక్రవారం వాణి అలికిన పొరలు, ఒకదాని మీద ఒకటి. ప్రతి పొర మీదా నాలుగు వేళ్ళ గీతలు. పూలమ్మ చేతులు ఆగాయి. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. దినాలనాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే పొడిచింది, మూలలో ఉత్త నేల కనిపించేదాకా పొడిచింది.

శ్రీకళ తొంగిచూసింది. "మట్టి మంచిగున్నది పెద్దమ్మా. నానబెట్టి కొత్త పొయ్యికి కలుపుదామా?"

"పిడికెడు గూడ కలుపొద్దు" అంది పూలమ్మ. తట్టలోకెత్తి మట్టంతా బయట పారబోయించింది. ఒక్క పెళ్ళ మాత్రం తీసుకుంది. ఒకవైపు నల్లటి మసి, ఇంకోవైపు వాణి వేళ్ళు. దాన్ని కొంగులో వేసి ముడి వేసుకుంది. తేజస్విని పెండ్లికి పోయినప్పుడు తమ్ముడి చేతిలో పెట్టాలి.